40 వాటర్ మీటర్లు, రెండు వైర్లు, ఒక రాస్ప్‌బెర్రీ పై: అపార్ట్‌మెంట్‌లో ఎం-బస్ నెట్‌వర్క్ సెట్ చేయడం ఎలా?

ఫోన్ రివ్యూల మధ్యలో వాటర్ మీటర్ల గోల ఏంటి అనుకోకండి. ఈసారి చెప్పబోయే గ్యాడ్జెట్‌కి టచ్‌స్క్రీన్ లేదు, వైఫై లేదు, స్పీడ్ సెకనుకి 2400 బిట్లు. కానీ నేను ఇప్పటిదాకా చేసిన ప్రాజెక్టుల్లో పక్కింటివాళ్ల డబ్బులతో నేరుగా ముడిపడింది ఇదొక్కటే. అందుకే ఎలా చేశానో, ఎక్కడ బోల్తా పడ్డానో రెండూ చెప్తా.

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. అంతస్తుకి నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. ఎండాకాలం బోరు తగ్గిందంటే ట్యాంకర్లు తెప్పించాల్సిందే. ఆ ఖర్చంతా అందరికీ సమానంగా పంచేవాళ్లు. ఇద్దరున్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ ఒకటే బిల్లు. ప్రతి అసోసియేషన్ మీటింగ్‌లోనూ దీని మీదే గొడవ. ఒక మీటింగ్‌లో నేను నోరు జారి "మీటర్లు పెట్టించండి, అవి చదివే సిస్టమ్ నేను చేస్తా" అన్నా. సాఫ్ట్‌వేర్ వాడు కదా, ఊరికే చేసిపెడతాడు అని అందరూ వెంటనే ఒప్పేసుకున్నారు.

వైర్‌లెస్ ఎందుకు కాదు?

మొదట నేనూ లోరా అనే అనుకున్నా. కానీ మా మీటర్లు ఉండేది పైపులు దిగే షాఫ్ట్‌లో. చుట్టూ ఆర్‌సీసీ గోడలు, ఇనుప తలుపులు, ఎప్పుడూ తడి. సిగ్నల్ సంగతి అలా ఉంచితే, రేడియో మీటర్ అంటే బ్యాటరీ మీద భారం. 40 మీటర్ల బ్యాటరీలు ఒకదాని తర్వాత ఒకటి అయిపోతుంటే షాఫ్ట్‌లోకి ఎక్కేది ఎవరు? పైగా యూరప్ కోసం తయారైన రేడియో మీటర్లు కొన్ని 868.95 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. అది మన దగ్గర వాడొచ్చో లేదో నిబంధనలు చూసుకోవాలి. వైరు లాగడం ఒక్కసారి కష్టం, అంతే.

వైర్డ్‌లో రెండు దారులున్నాయి. ఒకటి ఆర్‌ఎస్-485 మీద మోడ్‌బస్. కరెంటు మీటర్లకి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే వాటి దగ్గర పవర్ ఎలాగూ ఉంటుంది. రెండోది ఎం-బస్, అంటే మీటర్ బస్. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. మోడ్‌బస్ 1979లో మోడికాన్ కంపెనీ ఫ్యాక్టరీ కంట్రోలర్ల కోసం చేసింది. ఎం-బస్‌ని జర్మనీలోని పాడర్‌బోర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హోర్స్ట్ జీగ్లర్, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, టెకెమ్ కంపెనీలతో కలిసి నీళ్లు, గ్యాస్, హీట్ మీటర్ల కోసమే తయారుచేశారు. ఇప్పుడది ఈఎన్ 13757 అనే యూరప్ స్టాండర్డ్.

రెండు వైర్ల మీద పవర్, డేటా రెండూ ఎలా?

ఎం-బస్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. మాస్టర్ అనే డబ్బా రెండు వైర్ల మీద సాధారణంగా 36 వోల్టుల డీసీ పెడుతుంది. ఏమీ మాట్లాడనప్పుడు ఆ 36 అలాగే ఉంటుంది. మాస్టర్ మాట్లాడాలంటే వోల్టేజీని 12 వోల్టులు దించి మళ్లీ పెంచుతుంది. అంటే 36 వోల్టులు ఒకటి, 24 వోల్టులు సున్నా. మీటర్ మాత్రం వోల్టేజీని ముట్టుకోదు. అది ఎప్పుడూ 1.5 మిల్లీయాంపుల లోపే కరెంటు తీసుకుంటూ ఉంటుంది. జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు అదనంగా 11 నుంచి 20 మిల్లీయాంపులు లాగి వదులుతుంది. మాస్టర్ ఆ తేడాని చూసి బిట్లు చదువుకుంటుంది. వెళ్లేటప్పుడు వోల్టేజీ, వచ్చేటప్పుడు కరెంటు.

దీనివల్ల రెండు లాభాలు. మీటర్‌లోని కమ్యూనికేషన్ భాగానికి పవర్ బస్ నుంచే వస్తుంది. రెండోది, ప్లస్ మైనస్ తేడా లేదు, వైర్లు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. చీకటి షాఫ్ట్‌లో నిచ్చెన మీద నిలబడి వైర్లు కలిపే ఎలక్ట్రీషియన్‌కి ఇది ఎంత సుఖమో చెప్పలేను. ఆర్‌ఎస్-485 లాగా ఒకే లైన్‌లో వరసగా వెళ్లాలి, చివర్లో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి అన్న పట్టింపులు కూడా లేవు. చెట్టు కొమ్మల్లా ఎటు కావాలంటే అటు చీల్చుకోవచ్చు. రింగ్ లాగా మాత్రం కలపకూడదు.

ఒక్క మాట. కొన్ని మీటర్లలో నీళ్లు లెక్కపెట్టే చిప్ మాత్రం సొంత బ్యాటరీ మీదే నడుస్తుంది. రోజుకి ఎన్నిసార్లు చదవొచ్చో డేటాషీట్‌లో చూసుకోండి. నేను గంటకి ఒకసారి చదువుతున్నా.

కొనేముందు లెక్క

మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి రెండు చోట్ల నుంచి నీళ్లు వస్తాయి. కిచెన్, యుటిలిటీ కలిపి ఒక షాఫ్ట్, బాత్రూములన్నీ కలిపి ఇంకో షాఫ్ట్. కాబట్టి 20 ఫ్లాట్లకి 40 మీటర్లు. మీ బిల్డింగ్‌లో మూడు, నాలుగు లైన్లు కూడా ఉండొచ్చు, ముందు ప్లంబర్‌ని తీసుకెళ్లి లెక్కపెట్టించండి. బడ్జెట్ అంతా అక్కడే తేలిపోతుంది.

మీటరుకి 1.5 చొప్పున 40 మీటర్లకి 60 మిల్లీయాంపులు. కేబుల్ మేము 0.8 మిల్లీమీటర్ల టెలిఫోన్ టైపు వాడాం, పొడవు దాదాపు 180 మీటర్లు. వెళ్లే వైరు, వచ్చే వైరు కలిపి 13 ఓమ్‌ల దాకా వస్తుంది. మీటర్లన్నీ లైన్ చివరే ఉన్నాయనుకున్నా 60 మిల్లీయాంపులకి పోయేది 0.8 వోల్టు లోపే. 36లో అంత పోతే ఫరవాలేదు. మాస్టర్ మాత్రం సరిగ్గా 40కి కాకుండా 60 మీటర్ల కెపాసిటీది తీసుకున్నాం. రేపు గార్డెన్ లైన్‌కీ, ట్యాంకు అవుట్‌లెట్‌కీ పెట్టాలంటే చోటుండాలి కదా.

కంట్రోలర్‌గా రాస్ప్‌బెర్రీ పై 4. మాస్టర్ యూఎస్‌బీతో దానికి కలుస్తుంది. పక్కన చిన్న యూపీఎస్. నిజానికి కరెంటు పోయినా కొంప మునగదు. మీటర్ చూపించేది మొదటి రోజు నుంచి మొత్తం కలిపిన లెక్క, కాబట్టి రెండు గంటలు చదవకపోయినా వాడకం లెక్క తప్పదు, గంటల వివరం మాత్రమే పోతుంది. యూపీఎస్ పెట్టింది ఎస్‌డీ కార్డ్ పాడవకుండా.

టేబుల్ మీద చేయాల్సిన పని

మీటర్లు ఫిట్ చేశాక అడ్రస్‌లు ఇద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. కొత్త మీటర్లు సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి అడ్రస్ 0తో వస్తాయి. 40 మీటర్లని ఒకేసారి బస్‌కి కలిపి పిలిస్తే 40 ఒకేసారి జవాబిస్తాయి, అంతా గందరగోళం. నంబర్ ప్లేట్ మీది ఐడీతో పిలిచే సెకండరీ అడ్రసింగ్ ఉంది గానీ, మొదటిసారి చేసేవాళ్లకి 1 నుంచి 250 దాకా ఉండే ప్రైమరీ అడ్రసే తేలిక. ఒక్కో మీటర్‌నే మాస్టర్‌కి తగిలించి, ఎవరున్నా పలికే 254 అడ్రస్‌తో పిలిచి, కొత్త నంబర్ ఇచ్చి, స్టిక్కర్ వేశా. 101కి 1, 2. 102కి 3, 4. బేసి సంఖ్య కిచెన్, సరి సంఖ్య బాత్రూమ్. అలా 504కి 39, 40.

మొదటి మీటర్ దగ్గరే రెండు గంటలు పోయాయి. వైర్లు కరెక్ట్, 36 వోల్టులు ఉన్నాయి, అయినా జవాబు లేదు. చూస్తే పారిటీ. ఎం-బస్‌కి 8 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, ఒక స్టాప్ బిట్ కావాలి. మనం అలవాటుగా నో పారిటీ పెట్టేస్తాం. మార్చగానే మీటర్ పలికింది.

పలకరింపు ఎలా ఉంటుందో చూడండి. 5వ నంబర్ మీటర్‌ని రీసెట్ చేయాలంటే పంపే హెక్స్ బైట్లు: 10 40 05 45 16. ఇందులో 10 అంటే మొదలు, 40 కమాండ్, 05 అడ్రస్, 45 అనేది 40కి 05 కలిపిన చెక్‌సమ్, 16 ముగింపు. మీటర్ బతికుంటే ఒకే ఒక్క బైట్, ఇ5, తిరిగి పంపుతుంది. స్క్రీన్ మీద ఆ ఇ5 మొదటిసారి చూసినప్పుడు అర్ధరాత్రి ఒంటిగంట. మా అమ్మని లేపి చూపించాలనిపించింది, తిడుతుందని ఆగా.

రీడింగ్ చదవడానికి లిబ్‌ఎంబస్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. నేను మాత్రం నేర్చుకుందామని పైథాన్‌లో సొంతంగా రాశా, తగిన శాస్తి జరిగింది. మీటర్ డయల్ మీద 23 లీటర్లు, నా స్క్రీన్ మీద 35. కొత్త మీటర్‌లో ఫ్యాక్టరీ టెస్ట్ నీళ్లు అవి. అంతకుముందు చూసిన మీటర్‌లో 9 లీటర్లు ఉన్నాయి, స్క్రీన్ మీదా 9 వచ్చింది, దాంతో అంతా బాగుందనుకున్నా. విషయం ఏంటంటే, మా మీటర్ అంకెల్ని బీసీడీలో పంపుతుంది. హెక్స్‌లో 23 అని కనిపిస్తే అది 23 లీటర్లే. నేను దాన్ని మామూలు హెక్స్ సంఖ్యగా మార్చి 35 చేశా. 9 దాకా రెండూ ఒకటే, అందుకే బయటపడలేదు. ఇది చిన్న తేడా కాదు. 48 76 12 00 అనే నాలుగు బైట్లు వస్తే వెనక నుంచి చదవాలి: 00127648, అంటే 1,27,648 లీటర్లు. నా మొదటి కోడ్ దాన్ని 12,09,928 లీటర్లు అనేది. బైట్లకి ముందుండే రెండు కోడ్‌లు ఇది బీసీడీనా కాదా, యూనిట్ లీటర్లా ఘనపు మీటర్లా అన్నది చెప్తాయి. వాటిని ఊహించుకోకుండా ప్రతిసారీ చదవండి. లైబ్రరీ వాడితే ఈ తలనొప్పే ఉండదు.

షాఫ్ట్‌లో: కరెంటే మీ లెక్కల పుస్తకం

అంతస్తుకో జంక్షన్ బాక్స్ పెట్టించా. ఒక అంతస్తు కలపగానే మల్టీమీటర్‌ని మిల్లీయాంపుల్లో పెట్టి ఆ కొమ్మకి సిరీస్‌లో చూడటమే. మా మీటర్లు ఒక్కోటి 1.4 దగ్గర తీసుకుంటున్నాయి. అంతస్తుకి 8 మీటర్లు కాబట్టి 11 పైన రావాలి. రెండో అంతస్తులో 9.8 వచ్చింది. అంటే ఒక మీటర్ కలవలేదు. ల్యాప్‌టాప్ తెరవకుండానే తెలిసిపోయింది. ఎక్కువ వస్తే ఎక్కడో తడి తగిలి కరెంటు లీకవుతోందని అర్థం.

జాయింట్లకి మామూలు టేప్ చుట్టనివ్వకండి. జెల్ ఉండే కనెక్టర్లు వాడండి. మేము నాలుగో అంతస్తులో రెండు జాయింట్ల దగ్గర కక్కుర్తి పడ్డాం. పైన పైపు కారి నీళ్లు దిగాయి, మాస్టర్ మీద షార్ట్ లైట్ వెలిగింది, 40 మీటర్లూ ఒకేసారి మాయం. బస్ అంటే అంతే, ఒకచోట షార్ట్ అయితే అందరూ పోతారు. జంక్షన్ బాక్సులు ఉన్నాయి కాబట్టి అంతస్తుల్ని ఒక్కోటీ ఊడదీస్తూ పది నిమిషాల్లో పట్టుకున్నాం.

ఇంకో చిన్నది: 230 వోల్టుల కేబుల్ పోయే పైపులోనే దీన్నీ తోసేద్దాం అంటారు ఎలక్ట్రీషియన్లు. ఒప్పుకోకండి.

అన్నీ కలిశాక 40 మీటర్లని చదవడానికి నిమిషం కూడా పట్టలేదు. ఒక్క చెక్‌సమ్ ఎర్రర్ లేదు. మొత్తం కూడితే ట్యాంకు అవుట్‌లెట్‌కి పెట్టిన పెద్ద మీటర్‌తో దాదాపు సరిపోయింది. వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టా, చప్పట్ల ఎమోజీలు వచ్చాయి. నెలాఖరుకి బిల్లులు వేశాం, వెయ్యి లీటర్లకి 100 రూపాయల లెక్కన.

302 బిల్లు

302లో రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఉంటారు. వాళ్ల బిల్లు 2,290 రూపాయలు, అంటే 22,900 లీటర్లు. పక్కన 303లో ఐదుగురు, వాళ్లకి 1,360. మాస్టారు గొడవ పడలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చుని, "ఉన్నది ఇద్దరం ముసలివాళ్లం బాబూ, ఇన్ని నీళ్లు మేమేం చేసుకుంటాం?" అన్నారు.

నాకు సిస్టమ్ మీద నమ్మకం. బాత్రూమ్‌లో ఫ్లష్ ట్యాంకు కారుతోందేమో చూడండి సార్ అన్నా. ప్లంబర్‌ని పిలిపించుకుని, 300 ఇచ్చి చూపించుకున్నారు. లీకేజీ ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో బస్ టికెట్లు ఉన్నాయి. "మేము ఆ నెలలో ఎనిమిది రోజులు విజయవాడలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఆ ఎనిమిది రోజులు నీ మీటర్ ఏమందో చూడు" అన్నారు.

గంటల లాగ్ తెరిచా. 19వ నంబర్, కిచెన్, ఎనిమిది రోజులూ సున్నా. 20వ నంబర్, బాత్రూమ్, ప్రతిరోజూ పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్యలో వందల లీటర్లు. తాళం వేసిన ఇంట్లో ఎవరో రోజూ స్నానాలు చేస్తున్నారు.

స్టిక్కర్లు మారాయేమో అని షాఫ్ట్‌లోకి వెళ్లి చూశా. నంబర్ ప్లేట్, అడ్రస్, నా షీట్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 302, 303 బాత్రూములకి షాఫ్ట్ ఒకటే. రెండు పైపులు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమది 302కి, కుడిది 303కి అని మేము అనుకున్నాం, ఎందుకంటే ఫ్లాట్లు అటూ ఇటూ ఉన్నాయి. కట్టినప్పుడు గోడలోపల ఆ పైపుల్ని అడ్డంగా దాటించారు. బయటికి కనపడదు. ప్రోటోకాల్‌కి తెలిసే అవకాశమే లేదు. మొత్తం కూడితే సరిపోయింది కూడా అందుకే, ఒకరిది ఇంకొకరికి పోయినా టోటల్ మారదు కదా. అసలు లెక్క 302కి 8,300 లీటర్లు, 303కి 28,200.

ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్‌ని తోడు తీసుకుని 20 లీటర్ల పెయింట్ డబ్బాతో ఇల్లిల్లూ తిరిగా. పద్ధతి సింపుల్. ఇంట్లోవాళ్లని ఐదు నిమిషాలు నీళ్లు వాడొద్దని చెప్పి, అన్ని మీటర్లూ ఒకసారి చదివి, ఒక కుళాయి కింద డబ్బా నింపి, మళ్లీ చదవాలి. ఏ అడ్రస్ 20 లీటర్లు పెరిగిందో అదే ఆ కుళాయి మీటర్. వేరే ఫ్లాట్లలో వాడకం వల్ల అటూ ఇటూగా అదే అంకె రావచ్చు, అందుకే ప్రతి కుళాయికీ రెండుసార్లు చేశా. నింపిన నీళ్లు పారబోయకుండా వాళ్ల బకెట్లలోనే పోయించాం, లేకపోతే ట్యాంకర్ డబ్బులు ఎవరివని అడుగుతారు. పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర.

302, 303 బాత్రూములే కాదు, 503, 504 కిచెన్లు కూడా తారుమారుగా ఉన్నాయి. వాళ్లిద్దరి వాడకం దాదాపు ఒకటే కాబట్టి ఏళ్లు గడిచినా ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

సరిచేయడానికి పైపులు కానీ మీటర్లు కానీ ముట్టుకోలేదు. డేటాబేస్‌లో రీడింగ్‌లని మొదటి నుంచీ మీటర్ సీరియల్ నంబర్ మీదే దాచా, ఫ్లాట్ నంబర్ మీద కాదు. ఏ మీటర్ ఏ ఫ్లాట్‌ది అన్నది వేరే టేబుల్, దానిలో ఏ తేదీ నుంచి అన్న కాలమ్ కూడా ఉంది. ఆ నాలుగు వరుసలు మార్చి మళ్లీ లెక్కేస్తే పాత నెల బిల్లులు వాటంతట అవే సరయ్యాయి. మీరు చేసేటప్పుడు కూడా ఇలాగే విడదీయండి. మీటర్ నుంచి వచ్చిన బైట్లని కూడా ఉన్నవి ఉన్నట్టు దాచుకోండి, డిస్క్‌లో పెద్ద చోటేమీ పట్టదు.

303 వాళ్లకి మీ బిల్లు 1,360 కాదు 2,820 అని చెప్పడానికి నేనే వెళ్లా. వాళ్లు సంతోషించలేదు, లాగ్ చూపించమన్నారు, చూపించా. మాస్టారికి 830 రూపాయల కొత్త బిల్లుతో పాటు ప్లంబర్‌కి ఇచ్చిన 300 కూడా నా జేబులోంచి ఇవ్వబోతే తీసుకోలేదు. ప్రతి నెల ఒకటో తారీఖున మాత్రం వచ్చి వాళ్ల రెండు మీటర్ల గంటల లాగ్ ప్రింట్ అడుగుతారు. డయల్ మీది అంకెతో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుని తీసుకెళ్తారు.